ఆరెంజ్ కౌంటీలో ఇల్లు చూస్తున్నారా? సిటీ పోలీసా, షెరీఫా, అసలు సిటీయే లేని చోటా?

దక్షిణ కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మనవాళ్ళ గ్రూపుల్లో వచ్చే సలహా ఒకటే: "ఇర్వైన్‌లో తీసుకోండి, సేఫ్." అది తప్పు సలహా అని నేననను. కాకపోతే ఆ ఒక్క మాట పట్టుకుని అద్దె ఎక్కువైనా సర్దుకునేవాళ్ళు, పక్కనే ఉన్న లేక్ ఫారెస్ట్‌లో పోలీసులు ఎవరి కింద పనిచేస్తారో, ఇంకాస్త దక్షిణంగా లాడెరా రాంచ్ అనే చక్కటి చోట అసలు మేయరే ఎందుకు లేడో కనుక్కోకుండానే లీజు మీద సంతకం పెట్టేస్తారు. ఇల్లు కొనేవాళ్ళదీ అదే తీరు. స్కూల్ రేటింగ్ చూస్తారు, ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చూస్తారు, అర్ధరాత్రి 911కి ఫోన్ చేస్తే ఎవరొస్తారన్నది మాత్రం చూడరు.

ముందు ఊళ్ళ లెక్క చెప్తాను. 2020 జనగణన ప్రకారం ఆరెంజ్ కౌంటీలో సుమారు 32 లక్షల మంది ఉన్నారు, 34 సిటీలున్నాయి. అందులో సముద్రానికి ఆనుకుని ఉన్నవి ఆరు: సీల్ బీచ్, హంటింగ్టన్ బీచ్, న్యూపోర్ట్ బీచ్, లగూనా బీచ్, డేనా పాయింట్, శాన్ క్లెమెంటే. మన దగ్గర పోలీసు శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది, విశాఖ మేయరైనా సరే పోలీస్ కమిషనర్‌ని మార్చలేరు. ఇక్కడ సిటీగా ఏర్పడిన ప్రతి ఊరికీ పోలీసింగ్ సొంత బాధ్యత. కావాలంటే సొంత డిపార్ట్‌మెంట్ పెట్టుకుంటుంది, లేదంటే కౌంటీ షెరీఫ్‌తో, అంటే కౌంటీ ఓటర్లు ఎన్నుకునే పోలీసు అధిపతితో, కాంట్రాక్టు రాసుకుని ఏటా డబ్బు కట్టి ఆ సేవ కొనుక్కుంటుంది. సిటీగా ఏర్పడని ప్రాంతాలు కూడా కొన్ని ఉన్నాయి, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అంటారు, వాటికి షెరీఫే నేరుగా దిక్కు. పైన చెప్పిన ఆరింట్లో మొదటి నాలుగూ సొంత పోలీసులున్నవి, చివరి రెండూ షెరీఫ్ కాంట్రాక్టువి.

కాబట్టి మీ ముందున్నవి నిజానికి 34 ఎంపికలు కావు, మూడే.

సొంత పోలీసులున్న సిటీ

ఇర్వైన్, టస్టిన్, కోస్టా మెసా, న్యూపోర్ట్, హంటింగ్టన్ బీచ్, ఆనహైమ్ వగైరా. ఇక్కడ బాధ్యత గొలుసు చిన్నది: పోలీస్ చీఫ్‌ని సిటీ మేనేజర్ నియమిస్తారు, సిటీ మేనేజర్‌ని కౌన్సిల్ పెట్టుకుంటుంది, కౌన్సిల్‌ని ఊళ్ళోవాళ్ళు ఎన్నుకుంటారు. మీ వీధిలో వారానికో కారు అద్దం పగులుతోంది, పట్టించుకోవట్లేదు అనుకోండి, కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడొచ్చు, చీఫ్‌కి పైవాళ్ళంతా ఆ గదిలోనే ఉంటారు. "మాకు ఓటు లేదుగా, హెచ్-1బి కదా" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఓటుకి పౌరసత్వం కావాలి గానీ మాట్లాడటానికి అక్కర్లేదు. 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం స్థానిక సంస్థల మీటింగుల్లో ఎవరైనా మాట్లాడొచ్చు, వీసా ఏంటని అడగరు.

ఇర్వైన్ పేరు ఊరికే రాలేదు. రెండున్నర లక్షలు దాటిన అమెరికన్ నగరాల్లో జనాభా నిష్పత్తిలో హింసాత్మక నేరాలు అతి తక్కువ ఉన్నది ఇదేనని ఎఫ్‌బీఐ లెక్కలు చూపించి దాదాపు ఇరవై ఏళ్ళుగా సిటీ చెప్పుకుంటూనే ఉంది. ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చదవండి. "హింసాత్మక" నేరాలు, "రెండున్నర లక్షలు దాటిన" నగరాలు. అంటే ఇర్వైన్‌ని పోలుస్తున్నది పెద్ద పెద్ద నగరాలతో, పక్కనున్న లక్ష జనాభా మిషన్ వియెహోతో కాదు. పైగా మనలాంటి కుటుంబాలకి నిజంగా ఎదురయ్యేవి ఇంట్లో దొంగతనం, కారు అద్దం పగలగొట్టడం, గుమ్మం ముందు పార్సిల్ మాయం కావడం, ఇవేవీ ఆ హింసాత్మక నేరాల లెక్కలోకి రావు. ఇర్వైన్ సేఫ్ అన్నది నిజమే, కానీ పక్క సిటీతో పోల్చి దాని కోసం ఎంత అదనంగా కట్టాలో తేల్చుకోవడానికి ఆ ర్యాంకు పనికిరాదు.

సొంత పోలీసులున్నంత మాత్రాన అన్నీ సొంతం అనుకోకండి. ఇర్వైన్‌లో మంటలొస్తే వచ్చేది ఆరెంజ్ కౌంటీ ఫైర్ అథారిటీ, అంటే చాలా సిటీలు కలిసి 1995లో ఏర్పాటు చేసుకున్న ఉమ్మడి సంస్థ. న్యూపోర్ట్, హంటింగ్టన్, లగూనాలకి సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ప్లసెన్షియా అనే చిన్న సిటీ అయితే ఖర్చు ఎక్కువవుతోందని 2020లో ఉమ్మడి సంస్థలోంచి బయటికొచ్చి సొంతది పెట్టుకుంది. న్యూపోర్ట్‌కి సొంత పోలీసులున్నా హార్బర్‌లో పడవల మీద తిరిగేది షెరీఫ్ మనుషులే.

షెరీఫ్ కాంట్రాక్టు సిటీ

ఇవి 13. లేక్ ఫారెస్ట్, మిషన్ వియెహో, అలీసో వియెహో, లగూనా నిగెల్, రాంచో శాంటా మార్గరీటా, డేనా పాయింట్, శాన్ క్లెమెంటే లాంటి దక్షిణ కౌంటీ ఊళ్ళు ఎక్కువ, ఉత్తరాన యోర్బా లిండా, స్టాంటన్, విల్లా పార్క్. మనవాళ్ళలో చాలామందికి "కాంట్రాక్టు పోలీసులు" అనగానే ఏదో సెక్యూరిటీ గార్డుల్లా తోస్తుంది. కాదు. వాళ్ళు పూర్తి అధికారాలున్న షెరీఫ్ డిప్యూటీలు. సిటీకి ఒక అధికారిని పోలీస్ సేవల చీఫ్‌గా కేటాయిస్తారు, సిటీ ఎన్ని పెట్రోల్ కార్లు, ఎంతమంది మనుషులు కావాలంటే అంతకి డబ్బు కడుతుంది. హెలికాప్టర్, బాంబ్ స్క్వాడ్, హత్య కేసుల డిటెక్టివ్‌లు లాంటి ఖరీదైనవన్నీ కౌంటీ మొత్తానికీ ఉమ్మడి, చిన్న సిటీ సొంతంగా భరించలేనివి.

పోలీసింగ్‌ని టెండర్ పిలిచి కొనడం వింతగా అనిపిస్తే యోర్బా లిండా సంగతి చూడండి. ఆ సిటీకి ఏళ్ళ తరబడి పక్కనున్న బ్రేయా పోలీసులే కాపలా కాసేవారు. ఖర్చు మీద గొడవ మొదలై, బయటివాళ్ళ నుంచి కూడా ప్రతిపాదనలు తీసుకుని, ఊళ్ళో వర్గాలుగా చీలి వాదించుకుని, చివరికి 2013లో షెరీఫ్ చేతికి వెళ్ళింది. అంటే కౌన్సిల్ చేతిలో ఉన్న పెద్ద అస్త్రం ఇదే, కాంట్రాక్టు మార్చేస్తామనడం. కానీ అది ఎప్పుడో ఒకసారి వాడే అస్త్రం. రోజువారీ విషయాల్లో కౌన్సిల్ షెరీఫ్‌ని ఆదేశించలేదు. ఆయన కౌంటీ ఓటర్లందరూ కలిసి ఎన్నుకున్న మనిషి, మీ సిటీ ఓట్లు అందులో చిన్న భాగం.

ఇక్కడ మనకి తగిలే ఇబ్బంది డిప్యూటీలు మారుతూ ఉండటం. మీ ఏరియా, మీ పార్కు, ఏ ఇంట్లో తరచూ గొడవలవుతాయో బాగా తెలిసిన మనిషి ప్రమోషన్ మీదో బదిలీ మీదో ఇంకో సిటీకి వెళ్ళిపోవచ్చు. సొంత డిపార్ట్‌మెంట్‌లోనూ మార్పులుంటాయి గానీ వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు. నా మటుకు నాకు ఇది భరించలేని లోపమేమీ కాదు. మిషన్ వియెహో, అలీసో వియెహో, రాంచో శాంటా మార్గరీటా పేర్లు సురక్షిత నగరాల జాబితాల్లో తరచూ కనిపిస్తాయి, అవి మూడూ షెరీఫ్ సిటీలే. కాబట్టి సొంత పోలీసులుంటేనే సేఫ్ అన్న మాట ఈ కౌంటీలో నిలబడదు.

సిటీయే లేని చోటు

లాడెరా రాంచ్, కోటో డి కాజా, రాంచో మిషన్ వియెహో, నార్త్ టస్టిన్, రాస్‌మూర్, సిల్వరాడో లోయ. కొన్ని చోట్ల గేట్లు, క్లబ్ హౌస్‌లు, ఈత కొలనులు, చూస్తే ఏ సిటీ కంటే తీసిపోవు. కానీ మేయర్ లేడు, కౌన్సిల్ లేదు. మీ స్థానిక ప్రభుత్వం అంటే శాంటా ఆనాలో కూర్చునే ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు. సగటున ఒక్కో సూపర్‌వైజర్‌కి ఆరు లక్షల పైచిలుకు జనం, మీ వీధి చివర స్పీడ్ బ్రేకర్ గురించి ఆయన ఆఫీసు ఎంత శ్రద్ధ పెడుతుందో మీరే ఊహించుకోండి. చిన్న చిన్న పనులన్నీ ఇంటి యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ, నడుపుతుంది, దానికి ప్రతి నెలా విడిగా కడతారు. సంఘం పెట్టిన గార్డు గేటు దగ్గర పేరు రాసుకుంటాడు, అంతవరకే, అతను పోలీసు కాదు.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఇలాంటి చోట్ల దొంగతనానికి, గొడవలకి షెరీఫ్ వస్తారు. అదే పబ్లిక్ రోడ్డు మీద యాక్సిడెంట్ అయితేనో, ఎవరో రోజూ స్పీడుగా పోతుంటేనో అది కాలిఫోర్నియా హైవే పెట్రోల్ పని. స్కూలు ముందు ట్రాఫిక్ గురించి షెరీఫ్ ఆఫీసుకి నాలుగు మెయిళ్ళు పెట్టి జవాబు రాలేదని బాధపడేవాళ్ళు అసలు తప్పు తలుపు తడుతున్నారన్నమాట.

అడ్రస్ చూసి మోసపోవద్దు. నార్త్ టస్టిన్‌లో చాలా ఇళ్ళ పోస్టల్ అడ్రస్‌లో "శాంటా ఆనా" అని ఉంటుంది, అక్కడివాళ్ళు మాట్లాడితే "టస్టిన్" అంటారు, చట్టప్రకారం ఆ ఇల్లు రెండింట్లోనూ లేదు. ఇళ్ళ అమ్మకాల వెబ్‌సైట్ జిల్లో పేజీలో రాసిన ఊరి పేరు పోస్టాఫీసు సౌకర్యం కోసం ఉన్నది. కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకోండి, లేదా ఏజెంట్‌ని సూటిగా అడగండి: "ఇది ఇన్‌కార్పొరేటెడా? పోలీస్ ఎవరు, ఫైర్ ఎవరు?" నీళ్ళు నమిలితే ఏజెంట్‌ని మార్చండి. స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దులు కూడా సిటీ సరిహద్దులతో కలవవు, ఇర్వైన్ అడ్రస్ ఉన్న ఇళ్ళు కొన్ని టస్టిన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. అది వేరే పెద్ద కథ, ఇక్కడ ఆపేస్తాను.

బీచ్ ఊళ్ళ లెక్కలు చదవడం

ఆన్‌లైన్‌లో ఎర్ర రంగు పూసిన క్రైమ్ మ్యాపులు చూసి లగూనా బీచ్, న్యూపోర్ట్ ప్రమాదకరం అని తేల్చేసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. నేరాల రేటు అంటే జరిగిన నేరాలని ఆ ఊరి స్థిర నివాసులతో భాగించడం. లగూనా బీచ్‌లో ఉండేది 23 వేల మంది, ఏడాదికి వచ్చిపోయేది లక్షల్లో. పార్కింగ్‌లో కారు పగలగొట్టించుకున్న పర్యాటకుడి కేసు పైన లెక్కలో పడుతుంది, ఆ పర్యాటకుడు మాత్రం కింద భాగించే జనాభాలో ఉండడు. సౌత్ కోస్ట్ ప్లాజా అంత పెద్ద మాల్ ఉన్న కోస్టా మెసాదీ అదే పరిస్థితి, షాపుల్లో దొంగతనాలన్నీ ఆ ఊరి ఖాతాలోనే. కాబట్టి మొత్తం రేటు వదిలేసి, నివాస ఇళ్ళలో దొంగతనాలు ఎన్ని, మీరు చూస్తున్న నాలుగు వీధుల్లో ఏమైంది అన్నది మాత్రం చూడండి. ఇంకో జాగ్రత్త: 2021లో ఎఫ్‌బీఐ లెక్కలు తీసుకునే పద్ధతి మారి చాలా పోలీసు శాఖల వివరాలు ఆ ఏడాది సరిగ్గా చేరలేదు. ఆ సంవత్సరంతో పోల్చి "నేరాలు రెట్టింపయ్యాయి" అని ఎవరన్నా నమ్మకండి.

బీచ్ ఊళ్ళలో నన్ను ఆలోచింపజేసేవి వేరు. వేసవి వారాంతాల్లో, జూలై 4న, పోలీసులందరూ తీరం వైపే ఉంటారు, మీ గల్లీలో పార్కింగ్ దొరకదు, రాత్రి సంగీతం ఆగదు. శాన్ క్లెమెంటేలో సముద్రం వైపు కొండ అంచులు జారుతున్నాయి, 2023 ఏప్రిల్‌లో కాసా రొమాంటికా అనే పాత భవనం వెనక కొండ విరిగిపడి కింద రైళ్ళు ఆపేయాల్సి వచ్చింది. మామూలు ఇంటి బీమా నేల జారడాన్ని కవర్ చేయదు. తీరంలో ఒక బీచ్ సిటీది, పక్కది స్టేట్ పార్కుది అవుతుంది, లైఫ్‌గార్డులు కూడా అలాగే వేర్వేరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మోకాలి లోతే కదా అని దించే ముందు టవర్ దగ్గర లైఫ్‌గార్డుని ఈరోజు మనుషుల్ని లోపలికి లాగే ప్రవాహం (రిప్ కరెంట్) ఎలా ఉందని అడగండి.

బంగారం సంగతి

మన ఇళ్ళలో బంగారం ఉంటుందని మనకే కాదు, దొంగలకీ తెలుసు. అమెరికాలో చాలా చోట్ల భారతీయ కుటుంబాలని ఏరి మరీ ఇళ్ళు దోచిన కేసులున్నాయి. దక్షిణ కౌంటీలో కొండ వాలుకో, నడక దారికో వీపు పెట్టి కట్టిన ఇళ్ళు చాలా ఎక్కువ, ఆ వ్యూ కోసమే అదనంగా కడతాం, దొంగలు వచ్చేదీ ఆ వెనక నుంచే, చీకటి పడే వేళకి, పై అంతస్తు బాల్కనీ అద్దం పగలగొట్టి. సిటీ పోలీసైనా షెరీఫైనా దీన్ని ముందే ఆపలేరు. నగలు బ్యాంక్ లాకర్‌లో పెట్టండి, వరలక్ష్మీ వ్రతం ఫోటోలు పండగ రోజే అందరికీ కనిపించేలా పెట్టకండి. బీమా కాగితం తీసి చదవండి: చాలా పాలసీల్లో నగల దొంగతనానికి పరిమితి 1,500 డాలర్ల దగ్గరే ఉంటుంది, అంతకు మించితే విడిగా రైడర్, అంటే అదనపు బీమా, తీసుకోవాలి, దానికి నగల ఫోటోలు, విలువ పత్రాలు కావాలి. అద్దె ఇంటివాళ్ళ బీమాకీ ఇదే వర్తిస్తుంది.

దొంగ దొరికాక ఏమవుతుందన్నది మాత్రం ఏ సిటీ ఎంచుకున్నా మారదు. పెద్ద నేరాల కేసులు నడిపేది ఒకే డిస్ట్రిక్ట్ అటార్నీ, ఆయన్నీ కౌంటీ మొత్తం ఎన్నుకుంటుంది. 950 డాలర్ల లోపు దొంగతనాన్ని చిన్న నేరంగా చూసేలా 2014లో ప్రాప్ 47 (ఓటర్లే నేరుగా ఓటేసి తెచ్చిన చట్టం) వచ్చింది, మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళ మీద పట్టు బిగిస్తూ 2024 నవంబర్‌లో ఓటర్లు ప్రాప్ 36ని గెలిపించారు. ఇవి రాష్ట్రమంతటికీ ఒకటే, ఇర్వైన్‌కి వేరే చట్టం లేదు.

ఎవరు నమ్మదగ్గవాళ్ళు?

"కౌంటీ వాళ్ళు అవినీతిపరులు, సిటీ మేలు" అని గానీ, దానికి తిరగేసి గానీ ఎవరన్నా చెప్తే వినకండి, రెండు వైపులా కథలున్నాయి. కౌంటీ ఖజానాని ప్రమాదకర పెట్టుబడుల్లో పెట్టి 160 కోట్ల డాలర్లు పోగొట్టి 1994 డిసెంబర్‌లో దివాలా తీసింది ఇదే ఆరెంజ్ కౌంటీ. షెరీఫ్‌గా ఉన్న మైక్ కరోనాకి సాక్షిని ప్రభావితం చేసిన కేసులో 2009లో శిక్ష పడింది. సూపర్‌వైజర్ ఆండ్రూ డో, కోవిడ్ కాలంలో వృద్ధుల భోజనాలకి ఉద్దేశించిన డబ్బు వ్యవహారంలో లంచం కేసు ఒప్పుకుని 2025లో ఐదేళ్ళ శిక్ష వేయించుకున్నారు. సిటీ వైపు చూస్తే ఆనహైమ్ మేయర్ హ్యారీ సిధు, మన దేశంలో పుట్టిన మనిషే, స్టేడియం అమ్మకం మీద ఎఫ్‌బీఐ దర్యాప్తు బయటపడగానే 2022లో రాజీనామా చేసి మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ట్రబూకో లోయలో మొదలైన ఎయిర్‌పోర్ట్ ఫైర్ అనే అడవి మంట అయితే కౌంటీ పనివాళ్ళ యంత్రం దగ్గరే రాజుకుంది.

అడవి మంటల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇది కొండ పక్క ఇళ్ళకే పరిమితం కాదు. 2020 అక్టోబర్‌లో సిల్వరాడో ఫైర్ వచ్చినప్పుడు ఇర్వైన్‌లోనే దాదాపు 90 వేల మందిని ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. 2022 మేలో లగూనా నిగెల్‌లో సముద్రానికి దగ్గర్లో 20 ఇళ్ళు కాలిపోయాయి. కాన్యన్ వైపు కొనేవాళ్ళు ఎస్క్రో (కొనుగోలు డబ్బు, కాగితాలు మూడో పక్షం చేతిలో పెట్టే దశ) తెరవకముందే బీమా ఎంతకి వస్తుందో, అసలు వస్తుందో రాదో కోట్ తీసుకోండి.

నేనైతే ఏం ఎంచుకోమంటాను

కొత్తగా వచ్చి, ఒకరే ఉద్యోగం చేస్తూ, రెండోవారు పిల్లలతో ఇంట్లో ఉండే కుటుంబమైతే మొదటి లీజు ఇర్వైన్‌లోనో టస్టిన్‌లోనో తీసుకోండి. నేరాల రేటు కోసం కాదు, ఏ చిన్న సమస్యకైనా ఒకే సిటీ హాల్, ఒకే పోలీస్ నంబర్ ఉండటం కొత్తవాళ్ళకి హాయి. కొనేటప్పుడు మాత్రం ఇర్వైన్ దగ్గరే ఆగిపోకండి. కొత్త ఇళ్ళ మీద, అక్కడి రోడ్లు, స్కూళ్ళ లాంటి వసతుల ఖర్చు కోసం పడే మెల్లో-రూస్ పన్ను కూడా కలిపి లెక్క వేసుకుని, అదే డబ్బుకి లేక్ ఫారెస్ట్, మిషన్ వియెహో, అలీసో వియెహోల్లో ఏం వస్తుందో చూడండి. షెరీఫ్ కాంట్రాక్టు అన్న ఒక్క కారణంతో వాటిని వద్దనుకోవడం అనవసరం. మనవాళ్ళు ఈ కౌంటీలో తక్కువ అంచనా వేసే ఊళ్ళు ఇవేనని నా అభిప్రాయం.

లాడెరా రాంచ్, రాంచో మిషన్ వియెహో లాంటివి హెచ్‌ఓఏ మీటింగులకి ఓపిగ్గా వెళ్ళగలిగేవాళ్ళకే. వెళ్ళని వాళ్ళు ఫీజు కడతారు, నిర్ణయాలు పక్కింటాయన తీసుకుంటాడు. బీచ్ సిటీ అయితే ముందు ఒక వేసవి అద్దెకుండి చూడండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళు ఈ వారం రెండు పనులు చేయండి. అలర్ట్ ఓసీ అనే కౌంటీ హెచ్చరికల సర్వీసులో ఇంట్లో అందరి ఫోన్లూ, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళ నంబరు కూడా, నమోదు చేయండి. మీ ఏరియా పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబర్ సేవ్ చేసుకోండి, పక్కింటి మోతకీ డ్రైవ్‌వేకి అడ్డం పెట్టిన కారుకీ 911 కొట్టకూడదు. ప్రాణం మీదకొచ్చి, మాట్లాడితే ప్రమాదమనిపిస్తే మాత్రం ఈ కౌంటీలో 911కి మెసేజ్ కూడా పంపొచ్చు, ముందు అడ్రస్ టైప్ చేసి తర్వాత విషయం రాయండి.